120 అంగుళాలకు యూఎస్‌టీ ప్రొజెక్టర్: 11 అడుగుల గోడ, పడమటి బాల్కనీ, ఏది తీసుకోవాలి?

మియాపూర్_ఫ్లాట్:

అందరికీ నమస్కారం. హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీ తీసేసి అల్ట్రా షార్ట్ త్రో (యూఎస్‌టీ) ప్రొజెక్టర్, అంటే గోడ పక్కనే బల్ల మీద ఉండి పైకి బొమ్మ వేసేది, పెట్టాలనుకుంటున్నాం. మామూలు ప్రొజెక్టర్ కుదరదు. సీలింగ్ ఫ్యాను సరిగ్గా సోఫాకీ గోడకీ మధ్యలో ఉంది, దాన్ని కదిలించడానికి ఇంట్లో ఒప్పుకోరు.

కొలతలు ఇవి. స్క్రీన్ వచ్చే గోడ వెడల్పు 11 అడుగులు. సోఫాలో కూర్చుంటే కంటి నుంచి గోడకు కూడా 11 అడుగులే. ఫాల్స్ సీలింగ్ ఎత్తు 8 అడుగుల 9 అంగుళాలు, అందులో ఆరు ఎల్‌ఈడీ డౌన్‌లైట్లు. గోడకు ఎడమ పక్క పడమటి బాల్కనీ, గాజు స్లైడింగ్ తలుపు. ప్లైవుడ్ టీవీ యూనిట్ లోతు 16 అంగుళాలు, ఎత్తు 18. వంటగది హాల్లోకే తెరుచుకుని ఉంటుంది.

చూసేది రాత్రిళ్లు సినిమాలు, సాయంత్రాలు క్రికెట్, అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం 3:30 మ్యాచ్. ప్రొజెక్టర్, స్క్రీన్ కలిపి 4 లక్షలు పెట్టగలం. షాపులో అడిగితే "గోడ తెల్లగానే ఉంది కదా సార్, ముందు ట్రిపుల్ లేజర్ తీసుకోండి, స్క్రీన్ తర్వాత చూసుకోవచ్చు" అంటున్నారు. అలా చేయొచ్చా? 120 అంగుళాలు పడుతుందా? ఏ మోడల్ మంచిది?

టేపు_పట్టు:

మోడల్ సంగతి చివర్లో చూద్దాం. ముందు టేపు పట్టుకుని మూడు కొలతలు తేల్చుకోండి: వెడల్పు, ఎత్తు, లోతు. యూఎస్‌టీ కొని బాధపడేవాళ్లలో ఎక్కువమందికి బొమ్మ నాణ్యత సమస్య కాదు, పెట్టెను పెట్టాల్సిన చోట పెట్టలేకపోవడమే సమస్య.

వెడల్పు. 16:9లో 100 అంగుళాల బొమ్మ 221 సెం.మీ. వెడల్పు, 124.5 సెం.మీ. ఎత్తు. 120 అంగుళాలైతే 266, 149. మీ గోడ 335 సెం.మీ. సన్నటి ఫ్రేముతో 120 పెడితే రెండు పక్కలా మిగిలేది చెరో 33 సెం.మీ. టవర్ స్పీకర్లు పెట్టే ఆలోచన ఉంటే అవి పక్క గోడకు అతుక్కుపోతాయి, బాస్ మోత మోగుతుంది. 100 పెడితే చెరో 56 సెం.మీ. దొరుకుతుంది.

ఎత్తు. యూఎస్‌టీ బొమ్మ పెట్టె పైభాగం దగ్గరే మొదలవదు, ఇంకా పైకి వెళ్లి మొదలవుతుంది. చాలా మోడళ్లలో బల్ల ఉపరితలం నుంచి బొమ్మ అడుగు అంచుకు 100 అంగుళాలకు సుమారు 35 సెం.మీ., 120కి సుమారు 40 ఉంటుంది. మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, అదే ప్రమాణం. మీ యూనిట్ 46 సెం.మీ. కాబట్టి 120 పెడితే బొమ్మ నేల నుంచి 86 దగ్గర మొదలై 235 దగ్గర ముగుస్తుంది. సీలింగ్ 267, పడుతుంది. కానీ సోఫాలో కూర్చున్నప్పుడు కన్ను 100 నుంచి 105 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అంటే బొమ్మ దాదాపు అంతా కంటికి పైనే. రెండున్నర గంటల సినిమాకు మెడ పట్టేస్తుంది. అదే యూనిట్ ఎత్తు 25 సెం.మీ.కు దించితే బొమ్మ 65 నుంచి 214 దాకా వస్తుంది, కంటి చూపు బొమ్మలో కింది పావు భాగం దగ్గర పడుతుంది. అది సుఖంగా ఉంటుంది.

లోతు. అసలు చిక్కు ఇక్కడే. త్రో రేషియోను బొమ్మ వెడల్పుతో గుణిస్తే లెన్సు నుంచి తెరకు ఉండాల్సిన దూరం వస్తుంది. 0.25 రేషియో ఉన్నవి 120 అంగుళాలకు 66 సెం.మీ. అడుగుతాయి, 0.23 అయితే 61, శాంసంగ్ ఎల్‌ఎస్‌పీ9టీ లాంటి 0.189 అయితే 50, ఎప్సన్ ఎల్‌ఎస్800 లాంటి 0.16 అయితే 42. 0.23 తరగతి పెట్టె లోతు 35 నుంచి 40 సెం.మీ., దాని వీపుకూ గోడకూ మధ్య ఇంకో 30 పైచిలుకు. ముందు అంచు గోడ నుంచి దాదాపు 70 సెం.మీ. దగ్గరకు వస్తుంది. మీ యూనిట్ 41 సెం.మీ. సగానికి పైగా పెట్టె గాల్లో వేలాడుతుంది.

కాబట్టి ఇప్పుడున్న యూనిట్ పనికిరాదు. కొత్తది చేయించండి: ఎత్తు 25 సెం.మీ., లోతు 120కి కనీసం 70, 100కి 60. లేదా యూనిట్‌ను గోడకు ఆనించకుండా ముందుకు జరిపి వెనక ఖాళీలో వైర్లు దాచండి, ఖర్చు తక్కువ. పైపలక మాత్రం నల్లటి మ్యాట్ లామినేట్‌తో ఉండాలి, గాజు గానీ నిగనిగలాడే ఫినిష్ గానీ వద్దు. కారణం స్క్రీన్ గురించి చెప్పేవాళ్లు చెప్తారు.

సైజు విషయానికొస్తే, 11 అడుగుల నుంచి 100 అంగుళాలు సుమారు 37 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది, 120 అయితే 43. సినిమా హాలు అనుభూతికి సాధారణంగా 36 నుంచి 40 డిగ్రీలు చెప్తారు. మీ గదికి 100 తక్కువేమీ కాదు. వెలుగు లెక్క కూడా చూస్తే నేను 100కే ఓటు వేస్తాను.

తెర_వెనుక:

టేపు_పట్టు గారు చెప్పినదానికి కొనసాగింపు. షాపువాళ్ల సలహా వినకండి. యూఎస్‌టీకి స్క్రీన్ తర్వాత కొనుక్కునే వస్తువు కాదు, సగం టీవీ అదే.

తెల్లగోడ ఎందుకు వద్దో రెండు కారణాలు. ఒకటి, కాంతి కింద నుంచి చాలా ఏటవాలుగా గోడను రాసుకుంటూ పైకి వెళ్తుంది. మామూలు ప్రొజెక్టర్‌కు కనిపించని పుట్టీ ఎత్తుపల్లాలు, రోలర్ గీతలు ఇక్కడ నీడలు పడి కనిపిస్తాయి. సాయంత్రపుటెండలో మట్టిరోడ్డు మీద ప్రతి గులకరాయికీ నీడ పొడుగ్గా పడినట్టు. పై అంచు కూడా వంకరగా వస్తుంది. రెండోది గది వెలుగు. లెక్క చూడండి.

పెట్టె మీద 2500 ల్యూమెన్స్ (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగు) అని ఉన్నా, రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో 2000 దక్కాయనుకుందాం. తెర ప్రకాశాన్ని నిట్స్‌లో, తెర వెలుగును ఎంత తిరిగిస్తుందో గెయిన్‌లో చెప్తారు. నిట్స్ = ల్యూమెన్స్ × గెయిన్ ÷ (తెర వైశాల్యం × 3.14). 100 అంగుళాల వైశాల్యం 2.76 చ.మీ. తెల్లగోడ గెయిన్ 1 అనుకుంటే 231 నిట్స్. చీకట్లో బ్రహ్మాండం. డౌన్‌లైట్లు వేశారు, గోడ మీద 100 లక్స్ (పడే వెలుగు కొలత) పడింది. ఆ వెలుగే గోడను 32 నిట్స్ చేస్తుంది. ఇక బొమ్మలో నలుపు అంటే ఆ 32. కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ తేడా, 8:1. రాత్రి సీనులో ఏమీ కనపడదు.

అదే యూఎస్‌టీ కోసం చేసిన లెంటిక్యులర్ ఏఎల్‌ఆర్ తెర (సన్నటి గీతలతో గది వెలుగును మింగే తెర) తీసుకోండి. గెయిన్ సాధారణంగా 0.6 దగ్గర. బొమ్మ 139 నిట్స్‌కు తగ్గుతుంది. కానీ పైనుంచి వచ్చే వెలుగులో 85 శాతం మింగేస్తే నలుపు 5 నిట్స్ దగ్గరకు దిగుతుంది, కాంట్రాస్ట్ 30:1 దాకా వస్తుంది. వెలుగు తగ్గింది, బొమ్మ మాత్రం నాలుగు రెట్లు మెరుగైంది. చీకటి థియేటర్లో తెల్ల తెరకు ప్రమాణం 48 నిట్సే కాబట్టి 139 రాత్రి సినిమాకు ధారాళం.

ఇది ఎలా పనిచేస్తుందంటే, తెర మీద అడ్డంగా రంపపు పళ్లలాంటి సన్నటి గీతలు ఉంటాయి. పంటికి పైముఖం నలుపు, సీలింగ్ లైటును తాగేస్తుంది. కిందిముఖం తెలుపో బూడిదరంగో, ప్రొజెక్టర్ కాంతిని మీ వైపు తిప్పుతుంది. దీన్నుంచే మూడు విషయాలు వస్తాయి, ఎవరూ ముందుగా చెప్పరు.

పక్క నుంచి వచ్చే వెలుగును ఇది ఆపదు. మీ పడమటి బాల్కనీ ఎడమ పక్కనే ఉంది. మధ్యాహ్నం 3:30 మ్యాచ్‌కు ఏ లెంటిక్యులర్ తెరా మిమ్మల్ని కాపాడదు, కర్టెనే కాపాడాలి. పూర్తిగా వెలుగు ఆపే బ్లాకౌట్ గుడ్డ, పైన పెల్మెట్, పక్కల గోడ మీదికి చెరో 15 సెం.మీ. ఎక్కువ. ఈ ఖర్చు బడ్జెట్లో ముందే పెట్టుకోండి.

కింద నుంచి వచ్చే వెలుగును కూడా ఆపదు, ఎందుకంటే ప్రొజెక్టర్ కాంతి వచ్చే దారి అదే. యూనిట్ పైపలక నిగనిగలాడితే బొమ్మ దాని మీద పడి మళ్లీ తెర మీదికి ఎక్కుతుంది, కింది భాగంలో నలుపు బూడిదవుతుంది. విట్రిఫైడ్ టైల్స్ ఉంటే తెర ముందు ముదురు రంగు రగ్గు పరిస్తే మంచిది.

తలకిందులుగా బిగిస్తే బొమ్మ మసకేసి చచ్చిపోతుంది. నల్లముఖం కిందికి వస్తుంది కదా. గుడ్డ వెనక పైకి ఏది అన్న గుర్తు ఉంటుంది, ఫ్రేముకు తగిలించకముందే చూసుకోండి.

ఇక ఫ్రెనెల్ తెర, ఇది ఇంకో రకం ఏఎల్‌ఆర్. పైనా పక్కలా రెండు వైపుల వెలుగునూ బాగా తట్టుకుంటుంది, గెయిన్ 1 దగ్గర ఉంటుంది కాబట్టి బొమ్మ ప్రకాశంగా ఉంటుంది. మీ బాల్కనీకి అదే సరైనదనిపిస్తుంది. కానీ పక్క సోఫాలో కూర్చున్నవాళ్లకు బొమ్మ మసకగా కనిపిస్తుంది, ప్రొజెక్టర్ ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు సమంగా పడదు. చాలావరకు గట్టి పలకలా వస్తుంది, చుట్టడానికి ఉండదు. మీ లిఫ్టులో రెండున్నర మీటర్ల పెట్టె పట్టదు, మెట్ల మలుపుల్లో తిరుగుతుందో లేదో కొలిచి మరీ ఆర్డర్ పెట్టాలి. లెంటిక్యులర్ గుడ్డ చుట్టి వస్తుంది, ఫ్రేము ముక్కలుగా వస్తుంది.

మామూలు ఏఎల్‌ఆర్ అని అమ్మే తెరలు, సీలింగ్‌కు బిగించే ప్రొజెక్టర్ల కోసం చేసినవి, యూఎస్‌టీకి అస్సలు వద్దు. అవి ఎదురుగా వచ్చే కాంతిని మాత్రమే తిరిగిచ్చేలా చేసినవి, కింద నుంచి వచ్చే మీ బొమ్మనే బయటి వెలుగనుకుని మింగేస్తాయి. కిందికి లాగే చుట్టు తెర కూడా వద్దు. ఫ్యాను గాలికి అర సెంటీమీటరు కదిలినా బొమ్మ అలలు తిరుగుతుంది.

లేజర్_లెక్క:

ట్రిపుల్ లేజర్ అనగానే మంచిదని నమ్మకండి. ఏది దేనికి మంచిదో చెప్తాను.

ఒకే నీలి లేజర్ తిరిగే ఫాస్ఫర్ చక్రం మీద పడి మిగతా రంగులు పుట్టించే రకం చవక, వెలుగు ఎక్కువ, క్రికెట్‌కు చాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు వేర్వేరు లేజర్లున్న రకం రంగుల పరిధిలో చాలా ముందుంటుంది, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల, రంగుల పరిధి ఎక్కువున్న) సినిమాల్లో పసుపు కుంకుమలు, పట్టుచీరల ఎరుపు నిండుగా వస్తాయి. దానికి మూల్యం స్పెకిల్. లేత ఆకాశం, మంచు లాంటి ఒకే రంగు పరుచుకున్న చోట సన్నటి ఇసుక రేణువులు మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. ఫ్రెనెల్ తెర మీద ఎక్కువ, మ్యాట్ తెల్ల తెర మీద తక్కువ. అందుకని డెమో ఎప్పుడూ మీరు కొనే తెర మీదే అడగండి. షోరూమ్‌లో తెల్లగోడ మీద చూసి ఇంటికొచ్చి ఫ్రెనెల్ బిగిస్తే అది వేరే బొమ్మ.

డీఎల్‌పీ రకాల్లో (చిన్న అద్దాల చిప్పుతో బొమ్మ వేసేవి) ఇంకోటి రెయిన్‌బో. రంగులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కాబట్టి కొందరి కళ్లకు తెల్ల అక్షరాల అంచున ఎరుపు, ఆకుపచ్చ మెరుపులు కనిపిస్తాయి. పరీక్ష సులువు. నల్లటి నేపథ్యం మీద తెల్ల టైటిల్స్ పైకి వెళ్తుండగా చూపును ఎడమ నుంచి కుడికి చటుక్కున తిప్పండి. ఇంట్లో సినిమా చూసే ప్రతి ఒక్కరినీ తీసుకెళ్లి చూపించండి, ఒకరికి కనపడనిది ఇంకొకరికి తలనొప్పి తెప్పిస్తుంది. ఇంట్లో ఎవరికైనా అది బాగా కనిపిస్తే మూడు రంగులూ ఒకేసారి వేసే 3ఎల్‌సీడీ వైపు వెళ్లాలి. ఎప్సన్ ఎల్‌ఎస్800 అలాంటిది, 4000 ల్యూమెన్స్, రెయిన్‌బో ఉండదు, పగటి క్రికెట్‌కు గట్టిది. అయితే అది సింగిల్ లేజర్, లోపలి ప్యానెళ్లు 1920×1080 పిక్సెల్స్‌వి, పిక్సెల్‌ను జరిపి 4కె దగ్గరకు తెస్తుంది. 0.47 అంగుళాల డీఎల్‌పీ చిప్పు కూడా 1920×1080 అద్దాలదే, అది నాలుగు సార్లు జరుపుతుంది. 11 అడుగుల నుంచి ఈ తేడా కోసం డబ్బు పోయకండి.

డబ్బు పోయాల్సింది నలుపు మీద. మన సినిమాలు ఎక్కువగా 2.39:1లో ఉంటాయి. 100 అంగుళాల తెర మీద బొమ్మ ఎత్తు 92.6 సెం.మీ. మాత్రమే, పైనా కిందా చెరో 16 సెం.మీ. నల్లపట్టీ. నేటివ్ కాంట్రాస్ట్ (లేజర్‌ను తగ్గించి పెంచకుండా వచ్చే అసలు కాంట్రాస్ట్) తక్కువున్న ప్రొజెక్టర్లో ఆ పట్టీలు బూడిదరంగులో వెలుగుతూ సినిమా మొత్తం కళ్లకు అడ్డొస్తాయి. డబ్బాల మీద రాసే లక్షల్లోని డైనమిక్ కాంట్రాస్ట్ అంకెలు లేజర్‌ను తగ్గించి పెంచి చూపించేవి, వాటిని పక్కన పెట్టండి. డెమోలో చీకటి సీన్ దగ్గర ఆపి పట్టీ వైపు చూడండి, చాలు.

హెచ్‌డీఆర్ ఫార్మాట్: ఫార్మూవీ థియేటర్ (0.23, 2800 ల్యూమెన్స్) డాల్బీ విజన్ తీసుకుంటుంది. ఎల్‌ఎస్‌పీ9టీ (అదీ 2800) హెచ్‌డీఆర్10+ తీసుకుంటుంది, డాల్బీ విజన్ తీసుకోదు. హైసెన్స్ పీఎక్స్1 ప్రో 0.25 రేషియో, 2200 ల్యూమెన్స్, ట్రిపుల్ లేజర్, 90 నుంచి 130 అంగుళాల మధ్య ఫోకస్ అవుతుంది. ఇంకో జాగ్రత్త: తెరతో కలిపి లేజర్ టీవీ పేరుతో అమ్మే కొన్ని మోడళ్లలో లెన్సు ఆ ఒక్క సైజుకే ఫోకస్ అవుతుంది. 120ది కొని 100 తెర మీద వాడటం కుదరదు.

ల్యూమెన్స్ ఏ కొలతలో రాశారో చూడండి. ఆన్సీ లేదా ఐఎస్ఓ (ప్రామాణిక కొలత పద్ధతులు) అని ఉంటే నమ్మొచ్చు. ఉత్త "లైట్ సోర్స్ ల్యూమెన్స్" అంటే లెన్సు దాటకముందు కొలిచిన అంకె, దానికీ తెరకూ సంబంధం లేదు.

విదేశీ ప్రాంతానికి చేసిన పెట్టె చవకగా దొరికితే రెండు ప్రశ్నలు వేసుకోండి. నా ఊళ్లో సర్వీసు ఎవరు చేస్తారు? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుందా? ఓటీటీ యాప్‌ల కోసమైతే బెంగపడక్కర్లేదు, బయటి 4కె స్టిక్కు పెట్టుకుంటే సరిపోతుంది.

గుంటూరు_సౌండ్:

ఒక మాట అడ్డం వస్తాను, ఏమనుకోకండి. మధ్యాహ్నం క్రికెట్ నిజంగా ముఖ్యమైతే 98 అంగుళాల ఎల్‌ఈడీ టీవీని కూడా లెక్కలోకి తీసుకోండి. సైజు మీరు అనుకునే 100కి దాదాపు సమానం, పగటి వెలుగులో ఏ యూఎస్‌టీ దాని దగ్గరకు రాదు. యూఎస్‌టీ వైపు తూకం మొగ్గేది ఎక్కడంటే: 120కి వెళ్లాలన్నప్పుడు, ఫ్లాటుకు పెట్టె ఎక్కించే దారి లేనప్పుడు, ఇల్లు మారే అవకాశం ఉన్నప్పుడు. రాత్రి సినిమాకు తెర మీద నుంచి తిరిగొచ్చే వెలుగు కంటికి హాయిగా ఉంటుంది, అది నిజమే.

సౌండ్ విషయం. లెంటిక్యులర్ తెర గుండా శబ్దం సరిగా రాదు, తెర వెనక సెంటర్ స్పీకర్ (మాటలు వినిపించే మధ్య స్పీకర్) పెట్టే ఆలోచన మానుకోండి. ప్రొజెక్టర్ వెనక, గోడకు మధ్య ఖాళీలోనూ పెట్టకండి, కాంతికి అడ్డం రాకపోయినా శబ్దానికి పెట్టే అడ్డం. కొత్త యూనిట్ చేయిస్తున్నారు కాబట్టి ముందు భాగంలో సెంటర్‌కు తెరిచిన అర పెట్టించండి, స్పీకర్‌ను కొద్దిగా పైకి వాల్చండి. ప్రొజెక్టర్ గాలి దారులు సాధారణంగా రెండు పక్కలా ఉంటాయి, అక్కడ సరుకు పేర్చకుండా మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి.

రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫైయర్) ఉంటే ప్రొజెక్టర్లో ఏ హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఇఏఆర్‌సీ (శబ్దాన్ని రిసీవర్‌కు తిరిగి పంపే దారి) అని రాసుందో దానికే కలపాలి, వేరేదానికి కలిపితే అట్మాస్ సరౌండ్ శబ్దం రాదు.

మియాపూర్_ఫ్లాట్:

అందరికీ చాలా థాంక్స్. 100కే వస్తున్నాం, లెంటిక్యులర్, బ్లాకౌట్ కర్టెన్. టీవీ ఆలోచించాం, మా మెట్ల మలుపులో ఆ పెట్టె తిరగదు. కార్పెంటర్ కొత్త యూనిట్‌లో ప్రొజెక్టర్ కోసం ముందుకు లాగే ట్రే పెడతానంటున్నాడు, వాడనప్పుడు లోపలికి తోసేయొచ్చని. సరేననమంటారా? బిగించే వరుస కూడా చెప్పండి, ఏది ముందు ఏది తర్వాత?

టేపు_పట్టు:

ట్రే వద్దని చెప్పండి. 0.23 రేషియోలో పెట్టె 1 మి.మీ. కదిలితే బొమ్మ వెడల్పు 4.3 మి.మీ. మారుతుంది. ట్రే ప్రతిసారీ అదే మిల్లీమీటరు దగ్గర ఆగదు, చానళ్లు ఆరు నెలల్లో వదులవుతాయి. వంటింట్లో ఎవరో తలుపు గట్టిగా వేస్తే బొమ్మ వణుకుతుంది. మందపాటి పలక మీద స్థిరంగా ఉండాలి, అంతే.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు యూనిట్ రావాలి, తర్వాత ప్రొజెక్టర్, ఆ తర్వాతే గోడకు రంధ్రాలు. తెర ముందు బిగించేసి ప్రొజెక్టర్‌ను దానికి సర్దాలని చూస్తే ఎత్తు తప్పుతుంది, ఎత్తు సరిచేయడానికి యూనిట్ కింద చెక్కలు పెట్టాల్సొస్తుంది.

యూనిట్ మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూడండి. ప్రొజెక్టర్ పెట్టి, దాని పైన కూడా చూడండి. కీస్టోన్, ఆటోమేటిక్ దిద్దుబాట్లు అన్నీ ఆపేయండి. కీస్టోన్ అంటే బొమ్మను చిప్పు లోపలే నలిపి చిన్నది చేయడం. పిక్సెల్స్ పోతాయి, నలిపిన చోట చుట్టూ బూడిదరంగు అంచు మిగులుతుంది, గేముల్లో ఆలస్యం పెరుగుతుంది. చివర్లో ఒకటి రెండు మి.మీ. సర్దడానికి మాత్రమే వాడాలి.

లోపలి టెస్ట్ ప్యాటర్న్ వేసి ఖాళీ గోడ మీద బొమ్మను సరిగ్గా 221 సెం.మీ. వెడల్పుకు తెచ్చుకోండి. ఎడమ నిలువు అంచు కుడిదానికంటే పొడుగ్గా ఉంటే ప్రొజెక్టర్ ఎడమ వైపు గోడకు దూరంగా ఉన్నట్టు, ఆ మూల కొద్దిగా లోపలికి నెట్టండి. పై అంచు కింది అంచు కంటే వెడల్పయితే ముందు వెనక వాలు, కాళ్ల మరలు అరచుట్టు చొప్పున తిప్పి చూడండి. మూలలనుంచి మూలలకు కర్ణాలు రెండూ కొలిచి సమానమయ్యాకే నాలుగు మూలలకూ మాస్కింగ్ టేప్ అంటించండి.

ఇప్పుడు అందరూ పొరపాటు పడే చోటు. తెర గోడకు అంటుకుని ఉండదు. ఫ్రేము, క్లాంపు కలిపి దాని ముఖం గోడ నుంచి 3 నుంచి 5 సెం.మీ. ముందుకు ఉంటుంది. 4 సెం.మీ. అనుకుంటే బొమ్మ వెడల్పు 17 సెం.మీ. తగ్గిపోతుంది, అంటే 100 కాస్తా 92 అవుతుంది. కంగారుపడి కీస్టోన్ జోలికి వెళ్లకండి. ప్రొజెక్టర్‌ను కూడా అదే 4 సెం.మీ. ముందుకు లాగితే సైజూ ఎత్తూ రెండూ టేపు గుర్తుల మీదికే వచ్చేస్తాయి. యూనిట్ లోతు కొలిచేటప్పుడే ఈ 4 కలుపుకోండి.

గోడ ఇటుకదా, తేలిక ఏఏసీ బ్లాకుదా తట్టి చూడండి. బ్లాకుదైతే మామూలు ఫిషర్లు పట్టు నిలవవు, వాటికోసం చేసిన ప్లగ్గులే వాడాలి. పై క్లాంపులు రసమట్టానికి బిగించి, ఫ్రేము తగిలించాక కింది క్లాంపులు.

గుడ్డను ఫ్రేముకు లాగి కట్టేటప్పుడు ముందు నాలుగు మధ్యలు, తర్వాత ఎదురెదురుగా మూలల వైపు. ఒక పక్క మొత్తం పూర్తిచేసి రెండో పక్కకు వెళ్తే మడత పడుతుంది, ఆ మడత ఇక పోదు. చేతికి శుభ్రమైన కాటన్ గ్లవ్స్ వేసుకోండి, ముఖం వైపు వేలు తగిలితే ఆ జిడ్డు మరక గీతల్లోకి దిగిపోతుంది. ఇద్దరు మనుషులు, నేల మీద శుభ్రమైన దుప్పటి.

ఫోకస్ వెంటనే చేయకండి. అరగంట నడిచి లెన్సు వేడెక్కాక చేయండి, చల్లగా ఉన్నప్పుడు చేసిన ఫోకస్ తర్వాత జరిగిపోతుంది. మధ్యలో కాకుండా పై మూలలు చూస్తూ చేయండి, యూఎస్‌టీలో ముందు మెత్తబడేది అవే.

తెర_వెనుక:

అన్నీ అయ్యాక కూడా సీలింగ్ తెల్లగా ఉంటే బొమ్మ వెలుగు పైకి పడి గదంతా వెలుగుతుంది. తెర పైనున్న మూడు నాలుగు అడుగుల సీలింగ్ పట్టీకి ముదురు బూడిద మ్యాట్ రంగు వేయించండి. చాలా తక్కువ ఖర్చు, ఫలితం మొదటి సినిమాలోనే తెలుస్తుంది. తెర దగ్గరి రెండు డౌన్‌లైట్లకు విడిగా స్విచ్ పెట్టించండి.

గుంటూరు_సౌండ్:

వంటగది తెరిచి ఉందన్నారు కాబట్టి దుమ్ము సంగతి. లేజర్ భాగం లోపల మూసే ఉంటుంది, కానీ కాంతి బయటికొచ్చే గాజు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. దాని మీద దుమ్ము, పోపు నూనె ఆవిరి, అగరుబత్తి పొగ పొరలా పేరుకుంటాయి. లక్షణం ఏమిటంటే నల్లటి సీన్లో ఒక తెల్ల అక్షరం వచ్చినా చుట్టూ పొగలా వెలుగు పాకుతుంది. చాలామంది కాంట్రాస్ట్ పోయిందనుకుని సెట్టింగులు తిప్పుతుంటారు. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో వద్దు. ఆపైన మెత్తటి లెన్సు బ్రష్. జిడ్డుంటే లెన్సు ద్రావణం మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లి తుడవండి, గాజు మీద నేరుగా చల్లకండి. వాడనప్పుడు చల్లారాక గుడ్డ కప్పండి. తెర మీద దుమ్మును మెత్తటి బ్రష్‌తో అడ్డంగా, గీతల దారిలోనే తీయాలి. నిలువుగా రుద్దకూడదు, తడిగుడ్డ తగలకూడదు.

తొలకరికి ఉసిళ్లు లేచే సాయంత్రాల్లో బాల్కనీ మెష్ వేసే ఉంచండి. ఒక్క ఉసిలి గాజు మీద వాలినా తెర మీద అరడుగు నీడ.

చిన్నపిల్లలుంటే లోపలికి తొంగిచూడకుండా చెప్పాలి. దగ్గరకు వస్తే వెలుగు తగ్గించే సెన్సార్ చాలా మోడళ్లలో ఉంటుంది, దాన్ని ఆపేయకండి.

కరెంటు: ఇవి 400 వాట్ల లోపే తాగుతాయి, మామూలు 6 ఆంప్స్ ప్లగ్గు చాలు, ఎర్తింగ్ ఉండాలి. పాత రకం ఇన్వర్టర్ చతురస్రపు తరంగం ఇస్తుంది, దాని మీద నడపకండి. 1 కేవీఏ ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోతే సినిమా ఆపేసి సరిగ్గా ఆఫ్ చేసేంత సమయం దొరుకుతుంది. లేజర్‌కు సాధారణంగా 20,000 గంటలు చెప్తారు, అంటే అప్పటికి వెలుగు సగానికి తగ్గుతుందని. రోజుకు నాలుగు గంటల చొప్పున 13 ఏళ్లు దాటుతుంది.

మియాపూర్_ఫ్లాట్:

ట్రే మాన్పించాను. యూనిట్ 25 సెం.మీ. ఎత్తు, 65 లోతు అని చెప్పాను, ముందు సెంటర్‌కు అర. ఈ వారం అందరం కలిసి డెమోకు వెళ్తున్నాం. తెర డెలివరీ రోజు ఏం చూసుకోవాలి?

తెర_వెనుక:

పెట్టె విప్పడం మొదలైనప్పటి నుంచి వీడియో తీయండి. గుడ్డ చుట్టి వచ్చిన గొట్టం చివర్లు నలిగాయేమో చూడండి, గుడ్డ దెబ్బతినేది అక్కడే. గుడ్డ పరిచాక పక్క నుంచి టార్చి వేసి చూడండి, నొక్కులు, అడ్డగీతలు ఎదురుగా చూస్తే కనపడవు. లోపలికి చుట్టుకుపోయిన అంచులు ఒక రాత్రి పరిచి ఉంచితే సర్దుకుంటాయి, పదునైన మడత గీత సర్దుకోదు. అది కనిపిస్తే ఫ్రేముకు తగిలించకుండానే తిప్పి పంపండి, ఒకసారి కట్టాక ఎవరూ వెనక్కి తీసుకోరు.